నొప్పి చెప్పుకొనుట అవిశ్వాసమా?



మా సంఘములో ఒక పెద్దాయన కలరు. బొగ్గుబాయిలో ముప్పది యేండ్లు కప్పుకు దుంగలు నిలిపెడు పనిచేసి రిటైరైనవారు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి ఆయనకు కడుపులో ప్రేవు మెలిపడెను. తెల్లవారకముందే ఆపరేషను చేయవలసి వచ్చెను. బొడ్డుకు పైనుండి క్రిందివరకు కోసి, మెలి విప్పి, కుట్లు వేసిరి. ప్రాణము దక్కినది.

మూడవ దినమున నేను చూడబోతిని. ఆయన వెల్లకిల పరుండి, రెండు చేతులతో పక్కదుప్పటి గట్టిగా పట్టుకొని యుండెను. నేను ప్రార్థన చేసి, "ఎట్లున్నది పెద్దయ్యా?" అని అడిగితిని. "బాగనే ఉన్నదయ్యగారూ" అనెను. నేను సంతోషించి, "ఓర్చుకోండి పెద్దయ్యా, ఓర్చుకొనేవారిని దేవుడు చూస్తాడు" అని చెప్పి వచ్చితిని. ఆ సాయంకాలము నర్సమ్మ వచ్చి నొప్పికి సూది వేయమందురా అని అడిగినప్పుడు ఆయన వద్దని తల ఊపెనట.

ఐదవ దినమున జ్వరము వచ్చెను. ఊపిరి బరువాయెను. రొమ్ములో కఫము పేరుకొని నెమ్ము దిగినదని డాక్టరుగారు చెప్పిరి. గనిలో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు అవి. ఆక్సిజను పెట్టిరి. పది దినములలో ఇంటికి రావలసిన మనిషి నెల దినములు మంచము మీదనే ఉండెను. దేవుని కృపవలన, వైద్యుల శ్రమవలన బ్రదికెను.

ఇంటికి వచ్చిన తరువాత ఒకనాడు ఆయనే నాతో అనెను: "మీరు ఓర్చుకోమన్నరు గద అయ్యగారూ. నొప్పి అని జెప్తె నాకు నమ్మకం తక్కువున్నదనుకుంటరని పండ్లు కరుచుకొని పడుకున్న. దగ్గితె కుట్లు తెగి పేగులు బయటకొస్తయనిపిచ్చింది. అందుకే దగ్గలే."

ఆయన నన్ను నిందించుటకు ఈ మాట అనలేదు. జరిగినది జరిగినట్లు చెప్పెను. అయినను ఆ మాట నన్ను విడువలేదు. వేదాంత పాఠశాలలో నేను బాధను గూర్చి అనేక వ్యాసములు వ్రాసితిని. గాని కడుపు కోసిన మనిషి దగ్గకపోయినయెడల ఏమగునో నాకు తెలియదు. తెలియక పలికిన ఒక్క భక్తి మాట ఒక మనిషిని మరణద్వారము దగ్గరకు తీసికొనిపోయెను. అందుచేత ఈ సంగతి చరిత్రను వెదకి చదివితిని. మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మత్తుమందు లేని దినములు

రెండు వందల సంవత్సరముల క్రిందట కడుపు కోయుట అనగా మనిషిని చంపుట అనియే వైద్యులు తలంచిరి. అమెరికా దేశములో కెంటకీ రాష్ట్రమందు డాన్‌విల్ అను చిన్న ఊరిలో ఎఫ్రాయిము మెక్‌డొవెల్ అను డాక్టరు ఉండెను. 1809వ సంవత్సరము డిసెంబరు నెలలో జేన్ టాడ్ క్రాఫర్డు అను గృహిణి ఆయన యొద్దకు అరువది మైళ్లు గుఱ్ఱము మీద వచ్చెను. ఆమె కడుపులో పెద్ద కణితి పెరిగి యుండెను. తీసివేయుటకు ప్రయత్నించెదను గాని ఇది మునుపు ఎవరును చేయనిదని డాక్టరు ఆమెకు దాచక చెప్పెను. ఆమె ఒప్పుకొనెను.

ఆ ఆపరేషను క్రిస్మసు దినమున జరిగినదని చెప్పుదురు. మత్తుమందు అను మాట అప్పటికి పుట్టలేదు. డాక్టరు ఇరువది యైదు నిమిషములలో ఇరువది రెండు పౌన్లకు మించిన కణితిని తీసివేసెను. ఆ సమయమంతయు ఆ తల్లి కీర్తనలు చెప్పుకొనుచు ఉండెనట. ఐదు దినముల తరువాత డాక్టరు వచ్చి చూచునప్పటికి ఆమె లేచి తన పక్క తానే సర్దుకొనుచుండెను. ఇరువది యైదు దినములకు ఇంటికి పోయి, తరువాత ముప్పది సంవత్సరములకు పైగా బ్రదికెను.

ఈ సంగతిని ప్రసంగములలో చెప్పుటకు మన బోధకులకు ఎంతో ఇష్టము. నేనును చెప్పియున్నాను. అయితే ఇందులో మనము చూడక విడిచిపెట్టునది ఒకటి కలదు. ఆమె కీర్తనలు పాడినది వేరొక దారి లేనందుననే. ఆమె ధైర్యమును మెచ్చుకొనుట న్యాయము. ఆ ధైర్యమును చట్టముగా చేసి, మందు ఉన్న కాలములో మంచము మీదనున్న మరియొకరి మీద మోపుట న్యాయము కాదు. చీకటిలో నడిచి గమ్యము చేరినవానిని పొగడవచ్చును. అంతమాత్రమున మన చేతిలోని లాంతరు ఆర్పివేయవలెనా?

ఎడిన్‌బరో డాక్టరు ఇచ్చిన జవాబు

1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరములో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, విలియం మోర్టను అను దంతవైద్యుడు ఒక రోగికి ఈథరు పీల్పించెను. రోగి నిద్రించుచుండగా శస్త్రవైద్యుడు అతని మెడలోని కంతిని కోసెను. ఆ వార్త కొద్ది నెలలలో లోకమంతయు ప్రాకెను. మరుసటి సంవత్సరము మార్చి నెలలోనే కలకత్తాలోను ఈథరు వాడిరి.

1847 నవంబరులో స్కాట్లండు దేశములోని ఎడిన్‌బరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు తన ఇంటి భోజనపు బల్ల యొద్ద మిత్రులతో కూర్చుండి క్లోరోఫారము పీల్చి పరీక్షించెను. ముగ్గురును బల్ల క్రింద పడి నిద్రించిరి. ఆయన రొట్టెలు కాల్చువాని కుమారుడు. దేవుని ఎరిగినవాడు. కాన్పు నొప్పులకు కూడ క్లోరోఫారము ఇయ్యవచ్చునని ఆయన చెప్పగా, స్త్రీకి దేవుడు విధించిన బాధను తీసివేయుట పాపమని కొందరు ఆక్షేపించిరి.

దానికి ఆయన ఆ సంవత్సరము డిసెంబరులోనే ఒక చిన్న పుస్తకము వ్రాసి జవాబిచ్చెను. హెబ్రీ భాషలో ఆ మాటకు ప్రయాసము, కష్టము అను అర్థము కలదే గాని శరీరపు నొప్పి అని మాత్రమే అర్థము కాదని చూపెను. ఆదాము ప్రక్కటెముకను తీయకముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసిన సంగతిని ఆదికాండము రెండవ అధ్యాయమునుండి ఎత్తి చూపెను. ముండ్లతుప్పలు మొలుచునని దేవుడు చెప్పినందున రైతు కలుపు తీయక మానుచున్నాడా అని అడిగెను. ఇది మన పల్లెటూరి విశ్వాసులకు కూడ బాగుగా బోధపడు వాదము.

ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆ దినములలో సంఘములన్నియు మత్తుమందును ఎదిరించెనని కొన్ని పుస్తకములలో వ్రాయుదురు. చరిత్రకారులు పాత కాగితములు తిరగవేసి చూడగా, అట్టి ఎదిరింపు మనము తలంచినంత గొప్పది కాదని తేలినది. ఆక్షేపించినవారిలో వైద్యులును ఉండిరి. సువార్త మత్తుమందుకు శత్రువు కాలేదు. 1853వ సంవత్సరములో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారము తీసికొనిన తరువాత ఆ కొద్ది మాటలును అణగిపోయెను.

హైదరాబాదు గడ్డమీద జరిగిన పరీక్ష

ఈ చరిత్రలో మన తెలుగు దేశమునకు గొప్ప భాగము కలదని ఎందరికి తెలియును? బోస్టనులో ఈథరు ఇచ్చిన ఆ 1846వ సంవత్సరములోనే హైదరాబాదులో వైద్య పాఠశాల స్థాపింపబడెను. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు అదియే మూలము. 1885లో ఎడ్వర్డ్ లారీ అను ఆంగ్ల వైద్యుడు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి ఆ పాఠశాలకు పెద్దగా ఉండెను. ఆయన చేతిలో అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో వేలకొలది రోగులు క్లోరోఫారము తీసికొనిరి.

అయితే ఆ కాలములో క్లోరోఫారము పీల్చినవారిలో కొందరు ఆపరేషను బల్లమీదనే హఠాత్తుగా చనిపోవుచుండిరి. ఎందుకు చనిపోవుచున్నారు? గుండె ఆగిపోవుటచేతనా, లేక ఊపిరి ఆగిపోవుటచేతనా? ఈ ప్రశ్న వైద్యులను రెండుగా చీల్చెను. ఊపిరియే మొదట ఆగునని, ఊపిరిని కనిపెట్టియున్న యెడల భయము లేదని లారీగారి నమ్మకము.

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభువు ఈ విచారణకు ధనమిచ్చెను. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమీషను కూర్చుండెను. లండనులోని లాన్సెట్ అను వైద్య పత్రిక దాని తీర్పును నమ్మలేదు. అప్పుడు నిజాము ప్రభువు, మీ మనిషినే పంపుడి, ఖర్చులకు వేయి పౌన్లు ఇచ్చెదనని కబురు చేసెను. ఆ పత్రిక లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపెను. 1889 అక్టోబరునుండి డిసెంబరువరకు రెండవ కమీషను పనిచేసెను. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగెను. ఊపిరియే మొదట ఆగుచున్నదని ఈ కమీషను కూడ తీర్పు చెప్పెను.

ఇంకొక సంగతి చూడుడి. మన సింగరేణి ప్రాంతములో బొగ్గు తవ్వకము ఆరంభమైనదియు ఆ 1889వ సంవత్సరములోనే. దానికి నూరేండ్లు నిండిన జ్ఞాపకముగానే మా కాలనీకి సెంటినరీ కాలనీ అను పేరు కలిగెను. ఒకే రాజ్యములో, ఒకే యేట, ఒకచోట నేల కడుపు కోయుట మొదలాయెను. ఒకచోట మనిషి కడుపు కోయునప్పుడు అతనిని ఎట్లు బ్రదికించవలెనో వెదకుట జరిగెను.

హైదరాబాదు కమీషను చెప్పినది సగము నిజము. ఊపిరిని ఎడతెగక కనిపెట్టవలెనను దాని బోధ అనేక ప్రాణములు కాపాడెను. నేటికిని ఏ మత్తు డాక్టరును దానిని మరువడు. గాని గుండెకు అపాయమే లేదనుట తప్పు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు, కొద్దిపాటి క్లోరోఫారము ఇచ్చినప్పుడు కూడ గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవచ్చునని పిల్లుల మీది పరీక్షలతో రుజువు చేసెను. కాలక్రమమున క్లోరోఫారమును వైద్యులు పూర్తిగా విడిచిపెట్టిరి. ఒక్క గురుతునే చూచి సమస్తము తెలిసినదనుకొనుట ఎంత గొప్పవారికైనను అపాయమే. ఈ పాఠమును జ్ఞాపకముంచుకొనుడి. మరల దాని యొద్దకు వచ్చెదము.

ఆ పాఠశాలలో 1885లో చేరిన మొదటి స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్జీ అను పారశీక కన్యక ఒకతె. 1889లో ఆమె చదువు ముగించి, హైదరాబాదు ఆసుపత్రులలో చాల యేండ్లు క్లోరోఫారము ఇచ్చు వైద్యురాలుగా సేవచేసెను. లోకములోని మొట్టమొదటి మహిళా మత్తు వైద్యులలో ఆమె ఒకతె అని చరిత్ర చెప్పుచున్నది. పరపురుషుని ముఖము చూడని ఘోషా స్త్రీలు కత్తికి భయపడి వచ్చినప్పుడు, తలవైపున ఒక స్త్రీ కూర్చుండి ఊపిరి లెక్కించుట వారికి ఎంత ఆదరణయో తలంచుడి.

మేలుకొనిన తరువాత

ఇంతవరకు చెప్పినది కత్తి ఆడునప్పటి నొప్పి. అది జయింపబడెను. గాని మత్తు దిగి మేలుకొనిన తరువాతి మూడు నాలుగు దినముల సంగతి ఏమి? ఆ నొప్పిని లోకము చాలకాలము లెక్కచేయలేదు. ఆపరేషను చేసిన తరువాత నొప్పి సహజమే గదా అనిరి.

మందు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభములోనే జర్మనీలో సెర్ట్యూర్నర్ అను మందులు కలుపువాడు నల్లమందునుండి మార్ఫిన్ అను సారమును తీసెను. 1853లో చర్మము క్రింద మందు ఎక్కించు సూది వాడుకలోనికి వచ్చెను. గాని పద్ధతి ఎట్లుండెననగా, నొప్పి భరింపరానిదై రోగి కేక వేయవలెను, నర్సు వినవలెను, డాక్టరు వ్రాసిన గడువు అయినదో లేదో చూడవలెను, తరువాత సూది. ఆ లోపల నొప్పి కొండయెక్కి కూర్చుండెడిది. అడుగని వానికి ఏమియు లేదు. మా పెద్దాయన వంటివారు అడుగువారు కారు.

కడుపు ఆపరేషను తరువాతి నొప్పికి ఒక ప్రత్యేకత కలదు. చేతికి గాయమైన యెడల చేతిని కదల్పక ఉంచవచ్చును. కడుపును కదల్పక ఉంచుట ఎవని తరము? ఊపిరి పీల్చినప్పుడెల్ల కడుపు కదలును. దగ్గినను, తుమ్మినను, నవ్వినను, పక్కకు తిరిగినను కుట్లు లాగును. అందుచేత నొప్పి ఓర్చుకొను మనిషి తనకు తెలియకయే పైపైన ఊపిరి తీయును, దగ్గుట మానును. ఊపిరితిత్తుల అడుగుభాగములు గాలి లేక ముడుచుకొనును. అక్కడ కఫము నిలుచును. నిలిచిన కఫములో నెమ్ము పుట్టును. లేచి నడువని వాని కాళ్ల నరములలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిన యెడల ప్రాణాపాయము. కాబట్టి నొప్పి తగ్గించుట సుఖము కొరకు మాత్రమే కాదు. ఊపిరి కొరకు, నడక కొరకు, బ్రదుకు కొరకు. ఇదియే నాకు ఆనాడు తెలియనిది.

ఆపరేషనుకు ముందటి రాత్రి

ఇప్పుడు చెప్పబోవు సంగతి బోధకులకును సంఘపెద్దలకును ముఖ్యమైనది. 1964వ సంవత్సరములో, మోర్టను ఈథరు ఇచ్చిన ఆ బోస్టను ఆసుపత్రిలోనే, లారెన్స్ ఎగ్‌బర్ట్ అను మత్తు డాక్టరును ఆయన తోటివారును ఒక పరీక్ష ఫలితమును ప్రకటించిరి. కడుపు ఆపరేషనుకు వచ్చిన 97 మంది రోగులను రెండు గుంపులు చేసిరి. 51 మందికి ఎప్పటివలె చేసిరి. మిగిలిన 46 మంది యొద్దకు మత్తు డాక్టరు ముందటి రాత్రియే వెళ్లి కూర్చుండి మాటలాడెను.

ఏమి మాటలాడెను? మేలుకొనిన తరువాత నొప్పి ఎక్కడ ఉండును, ఎంత ఉండును, ఎంతకాలము ఉండును అని దాచక చెప్పెను. కడుపు కండరములు బిగియుటచేత నొప్పి హెచ్చునని, వాటిని సడలించుట ఎట్లో నేర్పెను. చేతులను కాళ్లను ఊతగా చేసికొని పక్కకు తిరుగుట చూపెను. అప్పటికిని తాళలేని యెడల మందు అడుగుడి, ఇచ్చెదరు అని చెప్పెను. ఆపరేషను తరువాత మరల వచ్చి చూచెను. ఎవరికి ఇట్లు చెప్పిరో శస్త్రవైద్యులకు తెలియదు.

ఫలితమేమి? ముందుగా మాట విన్నవారికి మార్ఫిన్ వంటి మందు ఇంచుమించు సగమే చాలినది. వారు తక్కినవారికంటె రెండు మూడు దినములు ముందుగా ఇంటికి పోగలిగిరి. క్రొత్త మందు ఏదియు ఇయ్యలేదు. ఒక మనిషి వచ్చి కూర్చుండి నిజము చెప్పెను, అంతియే.

చదువరులారా, ఇది చదివినప్పుడు నేను తల వంచుకొంటిని. నేనును ఒక మంచము యొద్ద నిలిచి మాటలాడితిని. ఆ డాక్టరు మాట నొప్పిని సగము చేసెను. నా మాట నొప్పిని దాచిపెట్టెను. ఆయన "తాళలేనప్పుడు అడుగుము" అనెను. నేను "అడుగకుము" అన్నట్లు పలికితిని.

"బాగనే ఉన్నది" అను మాట

ఈ దినములలో ఆసుపత్రులలో రోగి తృప్తిని గూర్చి అడుగుట వాడుక అయినది. మీకు సేవ ఎట్లున్నది, తృప్తిగా ఉన్నారా అని కాగితము మీద గురుతు పెట్టించుదురు. మంచిదే. అయితే పరిశోధకులు అనేక దేశములలో ఒక విచిత్రమును కనుగొనిరి. తీవ్రమైన నొప్పి అనుభవించితిమని చెప్పినవారే, ఆ నోటితోనే, మాకు తృప్తిగా ఉన్నదని కూడ చెప్పుచున్నారు. ఎందుకు? నర్సు ప్రేమతో మాటలాడినది. డాక్టరు ప్రాణము కాపాడినాడు. నొప్పి ఎట్లును ఉండునదే గదా అనుకొందురు. దయకు కృతజ్ఞత చెప్పుటకు నొప్పిని మ్రింగుదురు.

మన పల్లెలలో ఇది మరింత నిజము. పెద్దవారు అడిగినప్పుడు "బాగున్నది" అనుట మన మర్యాద. కాబట్టి తృప్తి అను ఒక్క గురుతును చూచి, నొప్పి లేదనుకొనరాదు. ఊపిరి ఒక్కటే చూచిన హైదరాబాదు కమీషను పొరపాటు ఇదియే గదా!

గనిలో పనిచేసిన సహోదరులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. కప్పు క్రింద నిలుచుటకు ముందు సర్దారు ఏమి చేయును? కంటికి బాగుగా కనబడినంత మాత్రమున నమ్మడు. కర్రతో తట్టి, చెవి ఒగ్గి వినును. గట్టి చప్పుడు వచ్చిన యెడల మేలు. బోలు చప్పుడు వచ్చిన యెడల దుంగ పెట్టించును. మంచము మీదనున్న మనిషి "బాగనే ఉన్నది" అనునప్పుడు మనమును అట్లే తట్టి వినవలెను. సున్న అనగా నొప్పి లేదు, పది అనగా ఇంతకు మించిన నొప్పి లేదు, మీ నొప్పి ఎంత అని డాక్టర్లు అడుగుదురు. అంతకంటె మంచిది, పని చూచి అడుగుట: గట్టిగా ఊపిరి తీయగలరా? దగ్గగలరా? లేచి కూర్చుండగలరా? రాత్రి నిద్ర పట్టినదా? ఈ ప్రశ్నలకు మర్యాదతో జవాబు చెప్పుట కష్టము, నిజమే చెప్పవలెను.

నేటి పద్ధతులు

నేటి వైద్యులు ఒక్క మందుమీదనే ఆనుకొనరు. పారాసెటమాల్ వంటి సాధారణ మందును వేళ తప్పక ఇచ్చి, దానిమీద అవసరమైనంత మాత్రమే గట్టి మందు ఇచ్చుట మంచి పద్ధతి. వెన్నులో సూది ద్వారా మత్తు ఇచ్చుటను 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అను వైద్యుడు మొదలుపెట్టెను. నేడు వెన్నులో సన్నని గొట్టము ఉంచి రెండు మూడు దినములు మందు ఎక్కించుటయు, కడుపు గోడలోని నరములకు మందు వేయుటయు కలవు. పెద్ద ఆసుపత్రులలో రోగి మీట నొక్కినప్పుడు కొద్దికొద్దిగా మందు వచ్చు యంత్రమును ఇత్తురు. ఎక్కువ పోకుండ దానికి హద్దు ఉండును. ఏది ఎవరికి తగునో డాక్టరుగారే చెప్పవలెను. మూత్రపిండముల జబ్బు గాని కడుపులో పుండు గాని ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. నొప్పి బిళ్లలలో కొన్ని వారికి హాని చేయును. అంగడిలో కొని మ్రింగరాదు.

మార్ఫిన్ అనగానే అలవాటు పడుదుమని మనవారు భయపడుదురు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. మత్తు వ్యసనము ఎన్ని ఇండ్లను కూల్చినదో మనకు తెలియును. మన దేశములో 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము దుర్వినియోగమును ఆపుటకు చేసినదే. గాని దానివలన నిజముగా బాధపడు రోగులకును మార్ఫిన్ దొరకుట కష్టమాయెను. అందుచేత 2014లో ఆ చట్టమును సవరించిరి. డాక్టరు కన్నుల యెదుట, తగిన కొలతలో, కొద్ది దినములు ఇచ్చు మందు వేరు, వ్యసనము వేరు. మందు ఎక్కువైన యెడల ఊపిరి మందగించును, వాంతి వచ్చును, మలబద్ధము కలుగును. అందుకే నర్సులు మాటిమాటికి వచ్చి చూతురు. వారి పనికి అడ్డుపడకుడి.

ఇంకొకటి మరువరాదు. దినదినము తగ్గవలసిన నొప్పి హెచ్చుచున్న యెడల, జ్వరము వచ్చిన యెడల, కడుపు ఉబ్బిన యెడల, వాంతులు ఆగని యెడల, గాయమునుండి చీము కారిన యెడల అది వెంటనే చెప్పవలసిన నొప్పి. లోపల కుట్టు వీడినదో, చీము పట్టినదో డాక్టరుకు తెలియజేయు దూత అదియే. ఆ దూత నోరు నొక్కిన యెడల నష్టము మనకే.

మన వంతు

మన ప్రభువు గెత్సేమనే తోటలో తన దుఃఖమును శిష్యులకు దాచలేదు. ఆ పాత్ర తొలగునా అని తండ్రిని అడిగెను. సిలువమీద దప్పిగొని, ఆ మాట పైకి చెప్పెను. ఆయనకు అవిశ్వాసము కానిది మనకు అవిశ్వాసమగునా? దారిలో గాయపడినవానిని చూచిన సమరయుడు ఓర్పును గూర్చి ప్రసంగము చేయలేదు. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టి, సత్రమునకు తీసికొనిపోయి, ఖర్చు పెట్టుకొనెను.

ఇప్పుడు నేను ఆపరేషనుకు పోవు వారి ఇంటికి ముందటి రాత్రియే వెళ్లుచున్నాను. ప్రార్థనకు ముందు నాలుగు మాటలు చెప్పుచున్నాను. మొదటిది, నొప్పి ఉండును. భయపడకుడి, దినదినము తగ్గును. రెండవది, దగ్గవలసి వచ్చినప్పుడు చిన్న దిండు కడుపుకు రెండు చేతులతో అదిమిపట్టి దగ్గుడి, కుట్లు తెగవు. మూడవది, డాక్టరు చెప్పినప్పుడు లేచి కూర్చుండుడి, నడువుడి. నాలుగవది, నొప్పి భరింపరానిదైతే అడుగుడి. అడుగుట పాపము కాదు. ఈ మాటలు డాక్టరుగారి మాటలకు బదులు కాదు. ఆ మాటలను వినుటకు భయము తీయునవి మాత్రమే.

గత సంవత్సరము మా సంఘములో ఒక సహోదరికి గర్భసంచి ఆపరేషను జరిగెను. ముందటి రాత్రి నేను పోవునప్పటికే ఆ పెద్దాయన చేతికర్ర పట్టుకొని అక్కడ కూర్చుండి యుండెను. ఇంటిలోని దిండు ఒకటి తీసి తన కడుపుకు అదుముకొని, దగ్గి చూపించుచు, "ఇట్ల పట్టుకోవాలె బిడ్డా. నా లెక్క ఊకోకు. నొప్పైతె నొప్పి అని జెప్పు" అనుచుండెను. ఆ సహోదరి నవ్వెను. ఆరవ దినమున ఇంటికి వచ్చెను.

నాకు ఆ రాత్రి చెప్పుటకు ఏమియు మిగులలేదు. ప్రార్థన మాత్రము చేసి వచ్చితిని.